ఓపిక లెక్క: వయసు మళ్లిన దంపతులు కచేరీలకు, ప్రయాణాలకు, నలుగురిలోకి వెళ్లే పద్ధతి

అయిదారేళ్ల కిందట మేమిద్దరం ఒక నాటకానికి వెళ్లాం. కారు దూరంగా ఆపాల్సి వచ్చింది. అక్కడి నుంచి నడక, లోపల టికెట్ల దగ్గర వరస, ఆ తర్వాత బాల్కనీకి మెట్లు. సీట్లో కూలబడేసరికి నా మోకాళ్లు రెండూ మొరపెడుతున్నాయి. రెండో అంకంలో నిద్రపోయాను. మా ఆయన మేలుకునే ఉన్నారు గానీ, చెవి మిషన్‌లో పాత్రల మాటల కంటే వెనక వరసలోని దగ్గులే ఎక్కువ వినిపించాయట. మర్నాడు ఎవరో అడిగితే ఇద్దరం ఒకేసారి "చాలా బాగుంది" అన్నాం.

తర్వాత నవ్వుకుంటూ లెక్క చూసుకుంటే విషయం తేలింది. ఓపికంతా అక్కడికి చేరడానికే ఖర్చయిపోయింది. దేనికోసం వెళ్లామో దానికి మిగల్లేదు. చిన్న వయసులో ఓపిక లెక్కలోకి రాదు. డబ్బూ సెలవూ కుదిరితే చాలు. ఇప్పుడు సెలవులకు కొదవ లేదు, తరిగిపోయేది ఓపికే. దాన్ని దారిలో మిగుల్చుకుని అసలు చోట ఖర్చు పెట్టడానికి మేం నేర్చుకున్న పద్ధతి ఇది.

ముందు ఇద్దరి కొలతలూ తీసుకోండి

ఒక వారం పాటు మామూలుగా ఉంటూనే గమనించుకోండి. ఆగకుండా ఎంతసేపు నడవగలరు? ఆసరా పట్టుకోకుండా ఎన్ని మెట్లు ఎక్కగలరు? కదలకుండా ఎంతసేపు కూర్చోగలరు? బాత్రూమ్‌కు ఎంతసేపటికోసారి వెళ్లాల్సి వస్తోంది? రోజులో ఏ వేళకు ఒళ్లు బరువెక్కుతోంది? గోలగా ఉన్నచోట ఎదుటివాళ్ల మాట అందుతోందా? ఎవరివి వాళ్లు విడిగా రాయండి. కలిసి కూర్చుని రాస్తే అబద్ధాలు వస్తాయి. ఏళ్ల తరబడి కాపురం చేసినవాళ్లు, ఎదుటి మనిషి బాధపడతారని నొప్పిని సగానికి తగ్గించి చెబుతారు. మా ఇంట్లో ఇద్దరం ఆ విద్యలో ఆరితేరాం.

ఇప్పుడు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఒక్కో విషయంలో తక్కువ అంకె ఏదైతే అది తీసుకోండి. మీ జంట కొలత అదే. తమాషా ఏమిటంటే, అన్నిట్లోనూ ఒకరే వెనకబడి ఉండరు. నడకలో నాది తక్కువ, ఇరవై నిమిషాలు. కూర్చోవడంలో మా ఆయనది తక్కువ, నడుము వల్ల గంటకోసారి లేవాలి. వినికిడిలో ఆయన, మెట్ల దగ్గర నేను. ఈ కాగితం వచ్చాక మా ఇంట్లో "నీవల్లే ఆలస్యం" అనే మాట తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పను.

అదే కాగితంతో డాక్టర్ దగ్గరికి వెళ్లి రెండు సంగతులు అడగండి. ఒకటి, బీపీకో గుండెకో మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వేసుకుంటుంటే, బయటికి వెళ్లే రోజున దాని వేళ మార్చుకోవచ్చా అని. సొంతంగా మానేయడం తప్పు. వేళ జరుపుకోవడం చాలాసార్లు కుదురుతుంది. రెండు, లేచి నిలబడగానే బీపీ పడిపోతోందా అని. పడుకున్నప్పుడో కూర్చున్నప్పుడో ఒకసారి, లేచిన మూడు నిమిషాల లోపు ఇంకోసారి చూస్తే తెలిసిపోతుంది. పెద్దవాళ్లలో కడుపునిండా తిన్న గంటా రెండు గంటల్లో కూడా బీపీ దిగొచ్చు. కాబట్టి భోజనం కాగానే హడావిడిగా బయల్దేరే ప్రోగ్రామ్ పెట్టుకోవద్దు.

కళ్లజోడు సంగతి కళ్ల డాక్టర్‌తో మాట్లాడండి. ప్రోగ్రెసివ్, బైఫోకల్ అద్దాల కింది భాగం దగ్గరి చూపు కోసం. మెట్టు దిగేటప్పుడు చూపు దాంట్లోంచే పోతుంది, మెట్టు అంచు మసకగా కనిపిస్తుంది. బయట ఎక్కువగా తిరిగేవాళ్లు ఉత్త దూరపు చూపు జోడు ఒకటి విడిగా చేయించుకుంటే కాలు తడబడటం తగ్గుతుంది.

ఎవరికి ఏం కావాలో విడిగా రాయండి

ఇది కూడా విడి కాగితాల పనే. ఈ ఏడాది చూడాలనుకున్నవి, వినాలనుకున్నవి, కలవాలనుకున్న మనుషులు, అన్నీ రాయండి. రెండు జాబితాల్లోనూ ఉన్నవాటికి కలిసి వెళ్తారు. ఒక్కరి జాబితాలోనే ఉన్నవాటికి ఆ ఒక్కరే వెళ్లొచ్చు, లేదా స్నేహితుల్ని తోడు తీసుకెళ్లొచ్చు. ఇంతకాలం ప్రతిచోటికీ జంటగానే వెళ్లినవాళ్లకు ఇది మొదట చివుక్కుమనిపిస్తుంది. కానీ మూడు గంటల సంగీతం ఒకరికి ఆనందం, పక్కవాళ్లకు శిక్ష అయినప్పుడు ఇద్దరికీ సుఖం ఉండదు. శిక్షపడినవాళ్లు గడియారం చూస్తూ ఉంటే, ఆనందించేవాళ్లు వాళ్ల మొహం చూస్తూ ఉంటారు.

ఇంకో రకం కూడా బయటపడుతుంది: ఎవరి జాబితాలోనూ లేకపోయినా ఏటా వెళ్తున్నవి. మేం ఒక పూల ప్రదర్శనకు ఏడేళ్లు క్రమం తప్పకుండా వెళ్లాం. ఆయనకు ఇష్టమని నేను, నాకు ఇష్టమని ఆయన. ఈ కాగితాలు రాసిన రోజునే అది మానేశాం.

తిరుగు దారి ముందు, వెళ్లే దారి తర్వాత

ప్రోగ్రామ్ ఎప్పుడూ చివరి నుంచి వెనక్కి వేయండి. ఇంటికి ఎన్నింటికి చేరాలి? అంటే అక్కడ ఎన్నింటికి లేవాలి? ఆ వేళకు బండి ఏది, ఎవరు నడుపుతారు, ఎక్కడ నిలబడి ఎక్కాలి? ఇది తేలాకే టికెట్ కొనండి. వెళ్లేటప్పుడు ఉత్సాహం మనల్ని లాక్కెళ్తుంది. వచ్చేటప్పుడు ఆ సాయం ఉండదు, చీకటి కూడా పడుతుంది.

చీకటి విషయం తేలిగ్గా తీసుకోవద్దు. ఇరవై ఏళ్ల కంటి రెటీనాకు చేరే వెలుతురులో అరవై ఏళ్ల కంటికి దాదాపు మూడో వంతే చేరుతుంది. కంటిపాప చిన్నదవుతుంది, కటకం పసుపుబారుతుంది. శుక్లం మొదలై ఉంటే ఎదురుగా వచ్చే బండి లైట్లు చెదిరి కళ్లకు కొడతాయి. పగలు బాగా నడిపేవాళ్లు కూడా రాత్రి స్టీరింగ్ ఇంకొకరికి ఇవ్వడమో, అద్దె కారు మాట్లాడుకోవడమో మంచిది. ఇది ఒప్పుకోవడానికి మా ఆయనకు రెండేళ్లు పట్టింది. పగటి ఆట ఉంటే ఈ గొడవే లేదు, అందుకే మేం ముందు పగటి ఆటలే వెతుకుతాం.

హాల్లో: సీటు, చెవి, మెట్టు

టికెట్ ఆన్‌లైన్‌లో కొనే ముందు హాలుకు ఒక ఫోన్ చేయండి. వెబ్‌సైట్ బొమ్మలో మెట్లు కనబడవు. అడగాల్సినవి: బండి దిగేచోటు నుంచి సీటు దాకా మెట్లెన్ని, వాటికి రెయిలింగ్ ఉందా, లిఫ్ట్ ప్రేక్షకులు వాడొచ్చా, బాత్రూమ్ అదే అంతస్తులో ఉందా, విరామం ఎంతసేపు, మధ్యలో లేచి వెళ్తే మళ్లీ ఎప్పుడు లోపలికి రానిస్తారు. తోడుగా వచ్చేవాళ్లకు టికెట్ తగ్గింపు ఉందేమో కూడా అప్పుడే అడగండి. కొన్నిచోట్ల ఉంటుంది, మనం అడిగితేనే చెబుతారు.

సీటు నడవ పక్కనే ఉండాలి. నడుము నొప్పి ఉన్నవాళ్లు మధ్యలో లేవొచ్చు, మోకాలు పట్టేసినవాళ్లు కాలు చాపుకోవచ్చు. బాల్కనీల్లో మెట్లు ఏటవాలుగా, ఎత్తుగా ఉంటాయి. చవకని ఆశపడితే మొదట చెప్పిన నాటకం గతే.

చెవి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. వయసుతో వచ్చే వినికిడి లోపంలో మొదట పోయేవి హెచ్చు స్థాయి ధ్వనులు. మాటల్లో అచ్చులు బాగానే అందుతాయి; స, ష, త, క లాంటి హల్లులు జారిపోతాయి. "వినిపిస్తోంది గానీ ఏమంటున్నారో తెలియడం లేదు" అని పెద్దవాళ్లు అనేది అందుకే. చుట్టూ రొద ఉంటే అది రెట్టింపవుతుంది. సౌండ్ పెంచితే తీరే ఇబ్బంది కాదు, రొద కూడా దాంతోపాటే పెరుగుతుంది.

దీనికి మంచి ఉపాయం హియరింగ్ లూప్. హాలు నేల చుట్టూ వేసిన తీగ, మైకులోంచి వచ్చే ధ్వనిని అయస్కాంత క్షేత్రంగా పంపిస్తుంది. చెవి మిషన్‌లో ఉండే టెలికాయిల్ అనే చిన్న తీగచుట్ట దాన్ని నేరుగా అందుకుంటుంది. మధ్యలో దగ్గులూ గుసగుసలూ కలవవు. గోడ మీద చెవి బొమ్మ, దాంతో 'టీ' అక్షరం ఉంటే అక్కడ లూప్ ఉన్నట్టు. కొన్ని హాళ్లలో అది అన్ని సీట్లకూ అందదు, ఏ వరసల్లో బాగా పనిచేస్తుందో అడిగి అక్కడే తీసుకోండి. అంతకంటే ముందు మీ మిషన్‌లో టెలికాయిల్ ఉందో లేదో, ఉంటే పనిచేసేలా పెట్టారో లేదో చూపించుకోండి. మా ఆయన మిషన్‌లో అది రెండేళ్లుగా ఉంది, ఎవరూ ఆన్ చేయలేదు! కొత్త మిషన్లలో హాలు ధ్వనిని నేరుగా అందుకునే ఆరాకాస్ట్ అనే బ్లూటూత్ పద్ధతి కూడా వస్తోంది. ఇవేవీ లేనిచోట హెడ్‌సెట్ ఇస్తారేమో, సంభాషణలు తెర మీద అక్షరాల్లో వేసే ఆట ఏ రోజో కనుక్కోండి. నాటకమైతే కథ ముందే చదువుకుని వెళ్లడం అన్నిటికంటే చవకైన సాయం. జారిపోయిన మాటల్ని మనసే పూరించుకుంటుంది.

లైట్లు ఆరకముందే కూర్చోండి. వెలుతురులోంచి చీకట్లోకి వెళ్లినప్పుడు పెద్దవాళ్ల కళ్లు సర్దుకోవడానికి చాలా సేపు పడుతుంది, ఆ కొద్ది నిమిషాల్లోనే కాలు జారేది. అయిపోయాక అందరూ లేచారని లేవొద్దు. ముందు చీలమండలు నాలుగైదుసార్లు ఆడించి, సీటు అంచుకు జరిగి, ఒక్క నిమిషం ఆగి లేవండి. ఈలోపు రద్దీ కూడా పోతుంది.

సగంలో లేచి రావడం తప్పు కాదు. టోక్యోలోని కబుకి-జా థియేటర్‌లో ప్రదర్శన గంటల తరబడి సాగుతుంది కాబట్టి ఒక్క అంకానికే టికెట్ కొనుక్కునే వీలు ఉంచారు. మిగతాచోట్ల మనమే ఆ వీలు చేసుకోవాలి: విరామంలో ఒకరి మొహం ఒకరు చూసుకుని "చాలా?" అని అడగాలి. చాలు అంటే ఇంటికే. డబ్బులిచ్చాం కదా అని కూర్చుంటే, డబ్బు ఎలాగూ తిరిగి రాదు, ఓపిక కూడా పోతుంది.

మ్యూజియం: అన్నీ చూడొద్దు

మ్యూజియంలో వచ్చే అలుపు వేరు. మామూలు నడక కంటే నాలుగడుగులు వేసి ఆగి, మళ్లీ నాలుగడుగులు వేసే నడక నడుముకూ పాదాలకూ ఎక్కువ కష్టం. బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ 1916లోనే 'మ్యూజియం అలసట' గురించి రాశారు. అద్దాల పెట్టెల్లోని వస్తువుల్ని సరిగ్గా చూడటానికి ఒక మనిషి ఎలా వంగాలో, మెడ ఎలా సాచాలో ఫొటోలు తీయించి మరీ చూపించారు. తప్పు చూసేవాళ్ల కాళ్లది కాదు, పెట్టెలు పెట్టిన తీరుది అన్నమాట. మోకాళ్లు నొప్పెట్టినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొచ్చి కొంచెం ఊరటగా ఉంటుంది.

అన్నీ చూసేద్దామనే ఆశకు ఒక లెక్క చెబుతాను. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ప్రదర్శనకు ఉన్నవి సుమారు 35,000. ఒక్కోదాని ముందు అర నిమిషం ఆగినా 290 గంటలు పైనే. రోజుకు 8 గంటల చొప్పున 36 రోజులు. కుర్రవాళ్లు కూడా చూడలేరు. కాబట్టి ఇంట్లోనే కూర్చుని ఒక్కొక్కరు అయిదు వస్తువులు ఎంచుకోండి. వెళ్లగానే మ్యాప్ తీసుకుని ఆ పదింటి దారి గీయండి. గంటన్నర చాలు. ఇంకా ఓపిక ఉంటే అది లాభం.

లోపలికి వెళ్లగానే కుర్చీలు ఎక్కడున్నాయో చూసుకోండి. మడత స్టూలు ఇచ్చే మ్యూజియంలు చాలా ఉన్నాయి, తీసుకోవడానికి మొహమాటపడొద్దు. చక్రాల కుర్చీ గురించి మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. "నేను నడవగలను" అని నేను మొండికేశాను. నడవగలిగినవాళ్లకు కూడా అది పనికొస్తుంది: గది నుంచి గదికి దాంట్లో వెళ్లి, బొమ్మ ముందు లేచి నిలబడితే, ఆ ఇరవై నిమిషాల నడకంతా బొమ్మలకే మిగులుతుంది. నేను ఒప్పుకున్నాక తెలిసింది, దాన్ని తోసే మా ఆయనకు కూడా పట్టుకోవడానికి ఆసరా దొరికిందని.

ఇద్దరి వేగం ఒకటి కాకపోతే విడిపోండి. ఒక కుర్చీ, ఒక సమయం అనుకుని అక్కడ కలవండి. ఫోన్ల మీద ఆధారపడొద్దు, మందపాటి గోడల మధ్య సిగ్నల్ ఉండదు. సెలవు రోజు చూసుకోవడం మరవద్దు: చాలా మ్యూజియంలు సోమవారం మూస్తారు, లూవ్ర్ మంగళవారం మూస్తారు.

ప్రయాణం

పెద్ద ప్రయాణానికి ముందు ఒక చిన్న రిహార్సల్ చేయండి. దగ్గర్లోనే ఒక్క రాత్రి బయట ఉండి రండి. కొత్త మంచం మీద నిద్ర పట్టిందా, రాత్రి చీకట్లో బాత్రూమ్ దారి తెలిసిందా, మాత్రల వేళ తప్పిందా, సంచీ ఎవరు మోయగలిగారు, అన్నీ బయటపడతాయి. ఆ రాత్రి మాకు తెలిసింది: చిన్న రాత్రి దీపం ఒకటి పెట్టెలో ఎప్పుడూ ఉండాలి.

రోజుకో ఊరు మారే ప్రోగ్రాములు మానేయండి. ఒకచోట దిగి, నాలుగు రాత్రులైనా అక్కడే ఉండి, రోజూ ఒకవైపు వెళ్లి రండి. పెట్టె సర్దడం, విప్పడం, గది వెతుక్కోవడం, ఇవే ఓపికను తినేసేవి. ఒక రోజు తిరిగితే మర్నాడు సగం రోజు ఖాళీ. బృందంతో వెళ్లే టూర్ అయితే కంపెనీవాళ్లను ఇలా అడగండి: రోజుకు ఎంత నడక, బస్సు ఎన్ని గంటలకోసారి ఆగుతుంది, ఒక పూట మేం రాకపోతే ఇబ్బందా, పొద్దున్నే బయల్దేరే రోజులెన్ని. "అందరూ వస్తారండీ, ఏం ఫర్వాలేదు" అన్నది జవాబు కాదు. ఓడ ప్రయాణమైతే ఏ రేవుల్లో ఓడ నేరుగా ఒడ్డుకు ఆనుతుందో, ఎక్కడ చిన్న పడవలోకి దిగాలో అడగండి. ఊగే పడవలోకి దిగడం మోకాళ్లకు పెద్ద పరీక్ష. ఓడల్లో వాంతులూ విరేచనాలూ తెచ్చే నోరోవైరస్‌కు చేతికి రాసుకునే శానిటైజర్ సరిగా పనిచేయదు, సబ్బూ నీళ్లతో కడుక్కోవాలి.

మందుల మూట. ప్రయాణం ఎన్ని రోజులైతే అన్ని రోజులకూ, పైన వారానికి సరిపడా తీసుకోండి. విమానంలో అంతా చేతి సంచీలోనే. ఇద్దరి మందులూ సగం సగం ఇద్దరి సంచుల్లో పెడితే ఒకటి పోయినా గండం గడుస్తుంది. ఇన్సులిన్ ఎప్పుడూ లగేజీలో వేయకూడదు, అక్కడి చలికి గడ్డకట్టి పాడవొచ్చు. చీటీలో బ్రాండ్ పేరు కాకుండా మందు అసలు పేరు రాయించుకోండి; దేశం మారితే బ్రాండ్ మారుతుంది. కొన్ని దేశాల్లో మన మామూలు మందులకు కూడా ఆంక్షలుంటాయి. యూఏఈలో కోడీన్, ట్రమడాల్ ఉన్న మందులు నియంత్రణలో ఉన్నవి. జపాన్‌కు సూడోఎఫెడ్రిన్ ఎక్కువ మోతాదులో ఉన్న జలుబు మందులు తీసుకెళ్లకూడదు. వెళ్లే దేశం నిబంధనలు ముందే చూసుకోండి. పాస్‌పోర్ట్‌కు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలని చాలా దేశాలు అడుగుతాయి, అదీ చూడండి.

బీమా తీసుకునేటప్పుడు ఉన్న జబ్బులన్నీ చెప్పండి. ప్రీమియం పెరుగుతుందని దాస్తే, అసలు అవసరం వచ్చినప్పుడు ఆ ఒక్క కారణంతోనే క్లెయిమ్ కొట్టేస్తారు. ఆసుపత్రి ఖర్చులతో పాటు, రోగిని స్వదేశానికి చేర్చే ఖర్చు కూడా ఉందో లేదో చదవండి.

విమానాశ్రయంలో చక్రాల కుర్చీ సాయం టికెట్ కొన్నప్పుడే అడగండి, కనీసం 48 గంటల ముందు చెప్పాలి. దీనికి విమాన సంస్థలన్నీ వాడే కోడ్‌లున్నాయి. మెట్లు ఎక్కగలరు గానీ దూరం నడవలేరంటే డబ్ల్యూసీహెచ్ఆర్. మెట్లు కూడా ఎక్కలేరంటే డబ్ల్యూసీహెచ్ఎస్. సీటు దాకా మోసుకెళ్లాల్సిందే అంటే డబ్ల్యూసీహెచ్‌సీ. మీకు సరిపడేది టికెట్ మీద పడిందో లేదో చూసుకోండి. తప్పు కోడ్ పడితే విమానం నిచ్చెన ముందు నిలబడి వాదించుకోవాల్సి వస్తుంది. మాకు ఒకసారి ఆ భాగ్యమూ కలిగింది.

విమానం లోపలి గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టు ఉంటుంది, గాలిలో తేమ 20 శాతానికి లోపే. ఊపిరితిత్తుల జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగే ఎక్కాలి. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే పిక్కల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది, బస్సయినా కారయినా అంతే. చీలమండలు తిప్పుతూ ఉండాలి, మధ్యమధ్య లేవాలి. ఇదివరకు గడ్డలు వచ్చినవాళ్లు మోకాలి దాకా వచ్చే బిగుతు మేజోళ్ల గురించి డాక్టర్‌తో మాట్లాడాలి. బాత్రూమ్‌కు లేవాలని నీళ్లు తాగడం మానేయకండి, నేను చాలాకాలం చేసిన తప్పు అది.

గంట తేడాకు రోజు చొప్పున ఒళ్లు సర్దుకుంటుందని సుమారు లెక్క, తూర్పు వైపు వెళ్తే ఇంకొంచెం కష్టం. కాబట్టి దిగిన రోజున ఏ టికెట్లూ కొనొద్దు.

ఎత్తు గురించి ఒక్క మాట. 2,500 మీటర్లు దాటితే తలనొప్పి, వికారం, ఆయాసం ఎవరికైనా రావచ్చు. ఫిట్‌నెస్ ఉంటే రాదనుకోవడం పొరపాటు. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. పెరూలో మాచు పిచ్చు సుమారు 2,430 మీటర్ల ఎత్తులో ఉంది, కానీ ముందు విమానం దిగే కుస్కో 3,400 మీటర్లు. చూడబోయే చోటు ఎత్తు కాదు, నిద్రపోయే చోటు ఎత్తు చూడాలి. కుస్కోలో దిగిన రోజునే కిందికి వెళ్లి అక్కడ రాత్రి గడిపేవాళ్లున్నారు, తెలివైన పని.

నలుగురిలో

నలుగురిలో అనే మాట భలే సరైనది. మనుషులు కబుర్లు చెప్పుకునే గుంపులు నలుగురిని దాటితే రెండుగా చీలిపోతాయని రాబిన్ డన్‌బార్ వంటి పరిశోధకులు గమనించారు. చెవి సరిగా లేనివాళ్లకు ఆ చీలిక దగ్గరే చిక్కు. పన్నెండు మంది ఉన్న బల్ల చుట్టూ మూడు మాటలు ఒకేసారి సాగుతుంటే, ఏదీ అందక నవ్వు మొహం పెట్టుకుని కూర్చుంటారు. రెండుసార్లు అలా జరిగాక "నాకు ఒంట్లో బాలేదు, నువ్వు వెళ్లిరా" మొదలవుతుంది. మా ఆయన అలా ఏడాది పాటు తప్పించుకున్నారు. నేను ఆయనకు మనుషులంటే విసుగొచ్చిందనుకున్నాను.

పెద్ద గుంపులో అయితే ముందుగా వెళ్లి గోడకు వీపు ఆనేలా, స్పీకర్లకూ వంటగది తలుపుకూ దూరంగా, వెలుతురు ఎదుటివాళ్ల మొహం మీద పడేలా కూర్చోండి. మాట కొంత పెదాల్లోంచి కూడా అందుతుంది. ఒక చెవి మేలైతే ఆ పక్కన మాటకారిని కూర్చోబెట్టండి. "గట్టిగా చెప్పండి" అనే బదులు "నా వైపు తిరిగి చెప్పండి" అంటే బాగా పనిచేస్తుంది. వెళ్లే దారిలో కారులో, అక్కడ కలవబోయేవాళ్ల పేర్లు, పిల్లల పేర్లు ఒకసారి తలుచుకోండి.

ఇక బయల్దేరే సైగ. ఒకరికి ఓపిక అయిపోయినప్పుడు ఎదుటివాళ్లకు మాత్రమే తెలిసేలా ఒక గుర్తు పెట్టుకోండి. మాది కళ్లజోడు తీసి తుడవడం. గుర్తు చూశాక పదిహేను నిమిషాల్లో లేవాలి, ఎందుకని అడగకూడదు. ఆ నియమం లేకపోతే గుర్తు పెట్టుకున్నా లాభం లేదు.

మీ ఇంటికే పిలిచేటప్పుడు అందరినీ ఒకేసారి కాకుండా ఇద్దరిద్దర్ని పిలవండి. ఎప్పుడు మొదలో చెప్పినట్టే ఎప్పుడు ముగింపో కూడా చెప్పండి. "నాలుగు నుంచి ఆరు దాకా" అంటే ఎవరూ ఏమీ అనుకోరు, వచ్చేవాళ్లకు కూడా హాయి. ఒకసారి పెద్దగా చేయడం కంటే నెలకో ఫలానా వారం అని కట్టుబాటు పెట్టుకుంటే బలం. ప్రతిసారీ ఎవరు పిలవాలా అని ఆలోచించే పని ఉండదు.

ఒక సంగతి మాత్రం నన్ను నేను తిట్టుకుంటూ రాస్తున్నాను. జంటల స్నేహంలో ఒకరు పోతే, మిగిలినవాళ్లను పిలవడం మెల్లగా ఆగిపోతుంది. చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు. 'మమ్మల్ని జంటగా చూస్తే బాధపడతారేమో' అనుకుంటాం. నా స్నేహితురాలి విషయంలో నేను అలా ఎనిమిది నెలలు అనుకుంటూనే ఉన్నాను. తర్వాత ఆవిడే అంది, "బాధపడేది నేను కదా, నన్ను అడగొచ్చు కదా" అని. అడగండి. రెండు టికెట్లు కొనేటప్పుడు మూడోది కూడా కొనండి.

ఒకరికి మతిమరుపు మొదలైతే

ఇళ్లలోనే కూర్చోవాల్సిన పని లేదు, కానీ పద్ధతి మారాలి. సాయంత్రం వేళ గాభరా, అయోమయం పెరగడం చాలామందిలో ఉంటుంది, కాబట్టి పొద్దుటిపూట పెట్టుకోండి. కొత్తచోట్ల కంటే తెలిసిన చోటు, వినడం కంటే కలిసి పాడేది మేలు. జేబులో పేరు, ఫోన్ నంబరు ఉన్న కార్డు పెట్టండి. ప్రయాణంలో రోజూ పొద్దున్నే ఒకరి ఫొటో ఒకరు తీసుకోండి. జనంలో తప్పిపోతే ఏ రంగు బట్టలు వేసుకున్నారో కంగారులో గుర్తురాదు, ఫొటో చూపిస్తే సరిపోతుంది. ఎదుటివాళ్లకు అవమానం కాకుండా ఇద్దరూ తీసుకోవాలి. చూసుకునేవాళ్లకు కూడా నెలకో పూట ఒంటరిగా బయటికి వెళ్లే ఏర్పాటు ఉండాలి.

మర్నాడు

వెళ్లొచ్చిన మర్నాటిని క్యాలెండర్‌లో ఖాళీగా గీసి పెట్టండి. ఆ రోజు చేయాల్సిన పని ఒక్కటే, నోట్‌బుక్‌లో నాలుగు ముక్కలు: ఎక్కడ బండి ఆగింది, ఎన్ని మెట్లు, ఏ సీటు, ఎక్కడ ఓపిక అయిపోయింది. అదే హాలుకు మళ్లీ వెళ్లేటప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు. మా నోట్‌బుక్ ఇప్పుడు మూడోది. మొన్నటి కచేరీ పేజీలో మా ఆయన రాసింది ఇది: "రెండో వరస, ఎడమ చివర. లూప్ బాగా పనిచేసింది. తంబుర కూడా వినిపించింది. ఆవిడ నిద్రపోలేదు."